పప్పన్నం బ్యాచ్

పొద్దున్నే ఏడింటికి మందు ట్యాంకు వీపుకి తగిలించుకుని మిరప చేలోకి దిగిన యలమందకి, నాలుగో సాలు మధ్యన ఎవరో అమ్మాయి వంగి కనిపించింది. నోట్లో సన్నటి ప్లాస్టిక్ గొట్టం ఉంది. దాని రెండో కొస మిరప పువ్వు దగ్గరుంది. బుగ్గలు లోపలికి లాగి, చాలా శ్రద్ధగా పీలుస్తోంది.

యలమంద తన ఇరవై ఎనిమిదేళ్ళ బతుకులో మిరప చేలో చాలానే చూశాడు. గొర్రెల మంద పడటం చూశాడు. గాలివాన చూశాడు. నల్ల తామర పురుగు వారం తిరక్కుండా పూతనంతా పాడుచెయ్యడం చూశాడు. పువ్వుకి స్ట్రా వేసుకుని తాగే మనిషిని చూడటం మాత్రం ఇదే మొదలు.

“ఏమండోయ్! నా చేలో ఏం తాగుతన్నారు?”

ఆ అమ్మాయి ఉలిక్కిపడలేదు సరికదా, ఆగమన్నట్టు ఎడమ చెయ్యి పైకెత్తింది. ఇంకోసారి పీల్చి, గొట్టానికి తగిలించిన చిన్న సీసాని వెలుతురుకి పట్టి చూసుకుంది. అప్పుడు గానీ అతని వైపు తిరగలేదు. చామనఛాయ ముఖం, కళ్ళజోడు, ముక్కు మీద మిరపాకు మీంచి అంటిన మట్టి.

“ముందు ఆ ట్యాంకు దించండి,” అంది.

“నా చేలో నన్ను ట్యాంకు దించమనటానికి మీరెవరండీ?”

“నా పేరు మహతి. గుంటూరు నుంచి వస్తున్నాను. పురుగుల మీద పీహెచ్‌డీ చేస్తున్నాను. నిన్న మీ అమ్మగారిని అడిగితే రమ్మన్నారు.”

“మా అమ్మ ఎవరడిగినా రమ్మనే అంటది.”

“మీరు మందు కొడితే మీ కూలీలంతా చస్తారు.”

యలమంద చుట్టూ చూశాడు. “కూలోళ్ళు ఇంకా రాలేదండీ. తొమ్మిదింటికి వస్తారు.”

“వాళ్ళు కాదు, వీళ్ళు,” అంటూ ఆమె సీసా తెచ్చి అతని ముక్కుకి ఆనేంత దగ్గరగా పెట్టింది. లోపల నువ్వుగింజంత పురుగు ఒకటి అటూ ఇటూ తిరుగుతోంది. తలకి రెండు పక్కలా ఇంతింత కళ్ళు బయటికి పొడుచుకొచ్చి ఉన్నాయి. “పెద్దకళ్ళ పురుగు. మీ చేలో తామర పురుగుల్నీ తెల్లదోమనీ పట్టుకుని తింటుంది. కూలి అడగదు, సెలవు అడగదు.”

“అంత పనిమంతురాలైతే, పోయినేడు నా చేను పోతుంటే ఎక్కడ పడుకుందండీ?”

“అదే నా పీహెచ్‌డీ. ఇది మాంసమూ తింటుంది, శాకాహారమూ తింటుంది. ఒకరోజు పురుగుల్ని వేటాడుతుంది. ఇంకోరోజు వేట మానేసి ఆకు రసం, గింజల రసం పీల్చుకుంటూ కూర్చుంటుంది. ఏ రోజు ఏది ఎందుకు కావాలనుకుంటుందో తెలిస్తే, దాన్ని చేలో వదిలే ముందు మనం ఏం మేపాలో తెలుస్తుంది. అంతకుముందు తిన్న తిండిని బట్టే తర్వాతి తిండిని ఎంచుకుంటుందని నా ఊహ.”

“దీనికి పీహెచ్‌డీ ఎందుకండీ? మూడు రోజులు వరసగా పప్పే పెడితే నాలుగో రోజు నేనెటు చూస్తానో మా అమ్మనడగండి. చెప్పుద్ది.”

మహతికి నవ్వొచ్చింది. ఆపుకుందామని పెదవి కొరుక్కుంది కానీ అప్పటికే సగం బయటపడింది. యలమంద ట్యాంకు దించేశాడు. ఆ నవ్వు చూసి దించలేదనీ, బరువనిపించి దించాననీ ఆ సాయంత్రం గౌస్ బాషాతో చెప్పాడు. గౌస్ బాషా ఆ ఊరి ట్రాలీ ఆటో నడిపే మనిషి, యలమందకి బళ్ళో నుంచీ స్నేహితుడు. “పదేళ్ళుగా మోస్తన్నావు కదరా, ఇవాళే బరువెక్కిందా?” అన్నాడు.

అలా అక్టోబరులో మొదలైంది. యలమంద అరెకరం మిరప మందు కొట్టకుండా వదిలాడు. ప్రత్తిపాడు రోడ్డు వైపున్న మోటారు షెడ్డులో ఒక బల్ల వేసి ఇచ్చాడు. మహతి రోజూ స్కూటీ మీద వచ్చేది. బల్ల మీద నలభై గుండ్రటి ప్లాస్టిక్ డబ్బాలు, మూతలకి సన్నటి వల, ఒక్కో డబ్బాలో ఐదేసి పురుగులు. సగం డబ్బాలకి పొద్దుతిరుగుడు గింజలూ చిక్కుడుకాయ ముక్కలే తిండి. మిగతా సగానికి తామర పురుగులే తిండి. మూడు వారాలు అలా మేపి, తర్వాత రెండు రకాల తిండీ ముందు పెట్టి, ఏది దేని మీదికి ముందు వెళ్తుందో చూడాలి. ఆమె ఒక వరసకి ‘ఏ’ అనీ, ఇంకో వరసకి ‘బి’ అనీ చీటీలు అంటించింది. యలమంద మాత్రం వాటిని పప్పన్నం బ్యాచ్, కోడికూర బ్యాచ్ అనేవాడు.

“మనవాళ్ళు ఆకలి రుచెరుగదన్నారు. ఈ పురుగుకి మాత్రం ఆకల్లోనే రుచి తెలుస్తుందేమో,” అనేది మహతి భూతద్దంలోంచి చూస్తూ.

“మీరే బ్యాచండీ?”

“పుట్టిందగ్గర్నుంచీ పప్పన్నమే. మా ఇంట్లో ఉల్లిపాయ కూడా రాదు. మీరు?”

“ఆదివారం కోడికూర లేకపోతే మా ఇంట్లో ఆదివారం రానట్టేనండీ.”

“అయితే మనిద్దర్నీ ఒకే డబ్బాలో పెట్టకూడదు,” అని నాలిక్కరుచుకుని గబగబా భూతద్దంలోకి తల దూర్చేసింది. ఆమె చెవులు ఎర్రబడటం యలమంద చూశాడు. ఆ సాయంత్రమంతా అతను చేసిన పనుల్లో ఒక్కటీ సరిగ్గా కుదరలేదు. డ్రిప్ వాల్వు తిప్పబోయి మోటారు కట్టేశాడు.

మధ్యాహ్నం సుబ్బరావమ్మ కొడుక్కి అన్నం తెచ్చేది. మహతి క్యారేజీలోకి తొంగి చూడటం ఆవిడ హక్కుగా పెట్టుకుంది.

“ఏందమ్మాయ్, ఇవాళేం కూర?”

“పప్పండీ పిన్నిగారూ.”

“నిన్నో?”

“నిన్న దోసకాయ పప్పు.”

“మొన్న?”

“మొన్న సాంబారు.”

“అదీ పప్పేగా!” అని నొచ్చుకుని ఆవిడ ఇంటికెళ్ళేది. మర్నాడు ఉల్లిపాయ తగలకుండా, కొత్త గిన్నెలో గుత్తివంకాయ వండి తెచ్చేది. ఇంటికొచ్చిన మనిషి ఒకటే తిండితో సరిపెట్టుకోవడం సుబ్బరావమ్మకి కంటికి కనపడే బాధ. ఆ ఇంటి తీరే అంత. కుక్క వచ్చినా, కూలి వచ్చినా, దారి తప్పి వచ్చినా, కడుపు చూశాకే పేరడుగుతారు.

డిసెంబరు మొదటి వారంలో మహతి వాళ్ళ నాన్నగారికి కంటి ఆపరేషనని కబురొచ్చింది. నాలుగు రోజులు రాలేనంది. డబ్బాలు మధ్యలో కదిలిస్తే పురుగులు దెబ్బతింటాయి.

“మీరు చూస్తారా?” అని అడిగింది. “ఏ డబ్బాలకి గింజలూ చిక్కుడు ముక్కలూ, అంతే. బి డబ్బాలకి తామర పురుగులు. కలపకూడదు. ఇంక నాలుగు రోజులే మేపడం. తర్వాత పరీక్ష.”

“మీరు కంటి సంగతి చూసుకోండి. ఈ కళ్ళ సంగతి నేను చూస్తాను,” అన్నాడు యలమంద.

మొదటి రోజు సాయంత్రానికి పప్పన్నం బ్యాచ్‌లో రెండు పురుగులు చచ్చిపోయి కనిపించాయి. మిగిలినవి గింజల మొహం కూడా చూడటం లేదు. డబ్బా గోడ పట్టుకుని పైకెక్కుతున్నాయి, వల దాకా వెళ్ళి మళ్ళీ దిగుతున్నాయి. ఆ పెద్ద కళ్ళన్నీ తన వైపే తిరిగి ఉన్నట్టు అనిపించింది అతనికి. పక్క వరసలో కోడికూర బ్యాచ్ కడుపు నిండా తిని కునుకు తీస్తోంది.

సుబ్బరావమ్మ వచ్చి చూసింది. “ఇదేందిరా, ఒక పంక్తికి విందు పెట్టి, ఇంకో పంక్తిని చూస్తా కూర్చోబెట్టావు?”

“ఆ అమ్మాయి అట్టాగే పెట్టమందమ్మా. అదేదో పరీక్షంట.”

“పరీక్షంటే చంపుకుంటారా? ఆ పిల్ల వచ్చి చచ్చినయ్యన్నీ చూసి ఏడవదూ? రెండు పూలు దులిపితే నీ సొమ్మేం పోయిద్ది!”

యలమంద ఆ రాత్రి పడుకున్నాడే కానీ నిద్ర పట్టలేదు. తెల్లారి చేలోకి వెళ్ళి, తామర పురుగు పట్టిన పూలు కోసుకొచ్చి, పప్పన్నం డబ్బాల్లో ఒక్కోదాంట్లో దులిపాడు. అవి ఎగబడి తిన్నాయి. అవి తింటుంటే అతనికి కడుపు నిండింది. నాలుగు రోజులూ, రెండు పూటలా అదే పని. గింజలు ఎలాగూ ఉన్నాయి కదా, వాటికి తోడు ఈ కాస్త పెడితే ప్రపంచం మునిగిపోతుందా అనుకున్నాడు.

ఐదో రోజు మహతి వచ్చింది. డబ్బాలన్నీ ఒకటొకటిగా చూసింది.

“రెండే పోయాయా? నేను ఇరవై దాకా పోతాయనుకున్నాను! ఎలా చూశారండీ వీటిని? మీ చేతిలో ఏదో ఉంది,” అని అతని ముఖంలోకి చూసి నిండుగా నవ్వింది. ఆ నవ్వులో ఈసారి ఆపుకోవడమేమీ లేదు.

చెబుదామని నోరు తెరిచాడు యలమంద. ఆ నవ్వు చూసి మూసేశాడు. కథలో అతను చేసిన అసలు తప్పు పూలు దులపడం కాదు, ఇదే.

పరీక్ష రెండు వారాలు నడిచింది. ఒక్కో పురుగునీ విడిగా చిన్న గాజు పళ్ళెంలో వదిలి, ఒక పక్క గింజ, ఒక పక్క తామర పురుగులు పెట్టి, గడియారం పట్టుకుని కూర్చునేది మహతి. యలమంద పక్కన కూర్చుని ఆమె చెప్పింది రాసేవాడు. మొదటి రెండు రోజులూ హుషారుగా ఉంది. మూడో రోజు నుంచి మాటలు తగ్గాయి. కోడికూర బ్యాచ్ ఆమె అనుకున్నట్టే గింజల వైపు పరిగెత్తింది. పప్పన్నం బ్యాచ్ మాత్రం పురుగుల మీద పడటం లేదు. కొన్ని ఇటు, కొన్ని అటు, పెళ్ళిలో తీరిగ్గా తిరిగే బంధువుల్లా తిరుగుతున్నాయి. యలమందకి కారణం తెలుసు. తేలు కుట్టిన దొంగలా తలొంచుకుని రాస్తూ పోయాడు.

ఆఖరి శనివారం సాయంత్రం మహతి పెన్ను మూసి పక్కన పెట్టింది.

“అయిపోయింది,” అంది. “మూడేళ్ళు ఇదే పట్టుకుని కూర్చున్నాను. మా మేడం మొదట్నుంచీ అంటూనే ఉన్నారు, ముందు తిన్నదానికీ తర్వాత తినేదానికీ సంబంధం ఉండకపోవచ్చని. నేనే వినలేదు. సోమవారం వెళ్ళి ఈ పీహెచ్‌డీ వదిలేస్తున్నానని రాసిచ్చేస్తాను. నాన్న ఎటూ సంబంధాలు చూస్తున్నారు.”

ఆమె కళ్ళజోడు తీసి చున్నీతో తుడుచుకుంది. అద్దాలు తుడుస్తోందో కళ్ళు తుడుచుకుంటోందో తెలియకుండా తల పక్కకి తిప్పుకుంది. యలమంద తను రాసిన కాగితాల వైపు చూశాడు. చెబితే ఈ మనిషి ఇక ఈ షెడ్డు గడప తొక్కదు. చెప్పకపోతే మూడేళ్ళ చదువు తన మూలాన మట్టిలో కలిసిపోతుంది. అతనికి ఆ క్షణంలో స్పష్టంగా తెలిసింది, ఈ అమ్మాయంటే తనకి ప్రాణమని. తెలిసిన క్షణమే పోగొట్టుకోవాల్సి వచ్చింది.

“రాసివ్వకండి,” అన్నాడు.

“ఎందుకు?”

“మీ ఊహ తప్పు కాదు. తప్పు నేను చేశాను. మీరు లేని నాలుగు రోజులూ పప్పన్నం బ్యాచ్‌కి తామర పురుగులు పెట్టాను.”

మహతి కళ్ళజోడు పెట్టుకుని అతన్ని చూసింది. “ఎన్ని?”

“లెక్కపెట్టలేదండీ. పూలు దులిపాను.”

“ఎన్ని పూలు?”

“డబ్బాకి పదీ పదిహేను. రెండు పూటలా.”

“రెండు పూటలా!”

“ఆకలేస్తుందేమోనని...”

“ఆకలెయ్యడమే ప్రయోగం, యలమంద గారూ!” ఆమె గొంతు మొదటిసారి పైకి లేచింది. “నేనొచ్చి పదిహేను రోజులైంది. రోజూ నా పక్కనే కూర్చుని రాశారు. ఒక్క రోజైనా చెప్పలేదేం?”

“ఆ రోజు మీరు నవ్వారండీ. చెబితే ఆ నవ్వు పోయిద్దని భయమేసింది.”

ఆమె లేచి, డబ్బాలు అట్టపెట్టెలో సర్దడం మొదలుపెట్టింది. అతను సాయం పట్టాడు. వద్దనలేదు, కానీ అతని వైపు చూడనూ లేదు. స్కూటీకి తాడు బిగించుకుని, “మళ్ళీ మొదట్నుంచి ల్యాబ్‌లోనే చేసుకుంటాను. అక్కడైతే వీటి మీద ఎవరికీ జాలి ఉండదు,” అంది. స్కూటీ రోడ్డెక్కింది, పత్తి చేల మధ్యన కొంతసేపు కనిపించింది, తర్వాత కనిపించలేదు.

సంక్రాంతి వచ్చి వెళ్ళింది. మిరప పండింది. కల్లంలో ఎర్రగా ఆరబోసిన కాయల మధ్య యలమంద పొద్దుట్నుంచీ సాయంత్రం దాకా నడిచేవాడు. ఘాటుకి కళ్ళెర్రబడితే ఎవరూ ఏమిటని అడగరు, అదొక సౌకర్యం.

షెడ్డులో బల్ల మీద దుమ్ము పేరుకుంది కానీ డబ్బాలున్న చోట నలభై గుండ్రటి మచ్చలు మిగిలాయి. సుబ్బరావమ్మ గుడ్డ తీసుకుని తుడవబోతే, “ఉండనీ అమ్మా,” అన్నాడు. ఆవిడ కొడుకు ముఖం చూసి గుడ్డ మడిచి చంకలో పెట్టుకుంది. తను అన్న మాట వల్లే ఇదంతా అయిందని ఆవిడకి తెలుసు. తన పేరు కొడుకు ఆ అమ్మాయి దగ్గర ఎత్తలేదనీ తెలుసు.

ఫోన్‌లో మహతి పేరు పక్కన బొమ్మగా పెద్దకళ్ళ పురుగు ఫొటో ఉండేది. అప్పుడప్పుడూ దాని కింద ‘ఆన్‌లైన్’ అని పడేది. యలమంద ‘బాగున్నారా’ అని కొట్టేవాడు. మరీ పరాయిగా ఉందని చెరిపేసేవాడు. ‘క్షమించండి’ అని కొట్టేవాడు. ఆ మాట అడిగే హక్కు ఉందా అని చెరిపేసేవాడు. చివరికి ఆ ఆన్‌లైన్ కాస్తా పోయేది. ఆమె అక్కడెక్కడో ఫోన్ పక్కన పెట్టి పురుగులకి మేత వేస్తోందని ఊహించుకుని పడుకునేవాడు.

ఏప్రిల్‌లో మిర్చి టిక్కీ బస్తాలు వేసుకుని గౌస్ బాషా ట్రాలీలో గుంటూరు యార్డుకి వెళ్ళారు. సరుకు దించాక గౌస్ బాషా ఏమీ అడక్కుండా బండి వేరే దారి పట్టించి, మహతి చదివే చోటి గేటు ఎదురుగా ఆపాడు.

“దిగు.”

“దిగి ఏం చెప్పను?”

“ఏం చెప్తావో నాకేం తెలుసురా! ఆ అమ్మాయిని చూడు, అదే వచ్చిద్ది.”

యలమంద అరగంట కూర్చున్నాడు. గేటులోంచి అమ్మాయిలు గుంపులు గుంపులుగా వస్తున్నారు. ప్రతి కళ్ళజోడుకీ ఒళ్ళు ఝల్లుమంటోంది. “మూడేళ్ళు పోగొట్టినోణ్ణి ఏ ముఖం పెట్టుకుని వెళ్ళనురా? ఆ పని మళ్ళీ మొదలెట్టి ఉంటది. మధ్యలో నేనెళ్ళి మళ్ళీ ఏదో ఒకటి చెడగొడతాను. పోనీ బండి,” అన్నాడు. గౌస్ బాషా అతన్నొక చూపు చూసి, బండి తీశాడు.

జూన్‌లో తొలకరి పడింది. ఆ వాన మామూలు వాన కాదు, మొదట దుమ్ము వాసన పంపించి, మనిషి తలెత్తి చూసేలోగా మీద పడి తడిపేసే కొంటె వాన. యలమంద షెడ్డులోకి పరిగెత్తాడు. రేకుల మీద చినుకులు ఒకటే మోత. పోయిన ఏడు ఇలాంటి వానలోనే, రేకు సందులోంచి నీళ్ళు కారుతుంటే, మహతి డబ్బాల మీద తన చున్నీ కప్పి, తను తడుస్తూ నిలబడింది. “పురుగులకి జలుబు చేస్తుందా అండీ?” అంటే, “మీకు చేస్తే మీ అమ్మగారున్నారు, వీటికెవరున్నారు?” అంది. ఆ మాట గుర్తొచ్చి యలమంద ఒక్కడే బల్ల దగ్గర కూర్చుని, వాన వెలిసినా లేవలేదు. ఆమె తిట్టినా బాగుండును, ఎదురుగా నిలబడి తిట్టినా చాలును అనిపించింది.

ఆగస్టులో మళ్ళీ మిరప నాటాడు. అరెకరం మందు లేకుండానే వదిలాడు. ఎందుకని ఊళ్ళో ఎవరడిగినా, “కూలీలున్నారు,” అనేవాడు.

అక్టోబరు ఆఖర్లో ఒక మధ్యాహ్నం, చేలో డ్రిప్ పైపు లీకు కట్టుకుంటుంటే, గట్టు మీద పంచె కట్టుకున్న ఒక పెద్దాయన నిలబడి ఉన్నాడు.

“ఏమోయ్, యలమందవి నువ్వేనా?”

“అవునండీ.”

“లక్ష్మీనరసింహం అంటారు నన్ను. మహతి వాళ్ళ నాన్నని.”

యలమంద చేతిలో పైపు జారింది. నీళ్ళు ఎగజిమ్మి పెద్దాయన పంచె తడిపాయి.

“పీహెచ్‌డీ పాడుచేశావు, ఇప్పుడు పంచె పాడుచేశావు. ఇంకేమైనా మిగిలిందా?” అంటూ ఆయన షెడ్డు వైపు దారి తీశాడు. సుబ్బరావమ్మ అప్పుడే అన్నం తెచ్చి, ఆయన ఎవరో తెలిసి, కొంగు సర్దుకుని తలుపు పక్కన నిలబడింది. బల్ల మీద కూర్చోబోయి ఆయన ఆగాడు. ఆ గుండ్రటి మచ్చలు చూశాడు. వెళ్ళి మంచం మీద కూర్చున్నాడు.

“చూడు అబ్బాయ్. నేను ముప్ఫై ఏళ్ళు బళ్ళో తెలుగు చెప్పాను. చుట్టూ తిప్పి మాట్లాడటం చేతకాదు. మా అమ్మాయి పుట్టి బుద్ధెరిగాక ఎవర్నీ తిట్టలేదు. పది నెలలుగా అన్నం ముందు కూర్చుంటే చాలు, నిన్ను తిడుతోంది. మొదట్లో నేనూ మా ఆవిడ శ్యామలాంబా కూడా కలిసి తిట్టాం. కొన్నాళ్ళకి మేం అలిసిపోయాం, అది అలవలేదు. మూడు సంబంధాలు చూపించాను. ఇంటికొచ్చిన ప్రతిసారీ ఆ కుర్రాళ్ళని ఒక్క మాట అనలేదు, నిన్నే తిట్టింది. అప్పటికి గానీ నా మట్టిబుర్రకి ఎక్కలేదు.”

“పీహెచ్‌డీ...” అన్నాడు యలమంద.

“పోయిన నెల థీసిస్ ఇచ్చేసింది. గింజలే తిన్నవి, పురుగు కనపడగానే ఎగబడ్డాయిట. పురుగులే తిన్నవి గింజలకేసి పరిగెత్తాయిట. నువ్వు నిరుడు చెడగొట్టావు చూడు, రెండూ పెట్టి, ఆ పనే ఈసారి పద్ధతిగా లెక్కపెట్టి మూడో బ్యాచ్ చేసింది. అవి తొందరపడకుండా ఏది అందితే అది తిన్నాయిట. అది లేకపోతే థీసిస్‌కి ఆ అందం రాదని వాళ్ళ మేడం అందిట. ఆ రోజు కూడా నిన్ను తిట్టిందనుకో.”

“వాడి తప్పేం లేదండీ,” అంది సుబ్బరావమ్మ ఉన్నట్టుండి. “పెట్టమన్నది నేను. చూడలేక.”

లక్ష్మీనరసింహం ఆవిడ వైపు, తర్వాత కొడుకు వైపు చూశాడు. “మీ పేరు వీడు చెప్పలేదే మా అమ్మాయికి!”

“మా అమ్మ మాటే అన్నదండీ, చేసింది నేను,” అన్నాడు యలమంద.

పెద్దాయన కండువాతో పంచె మీద తడి అద్దుకున్నాడు. “ఒక సంగతి ముందే తేల్చుకోవాలి. మాది పప్పన్నం ఇల్లు. మా అమ్మాయి అది మార్చుకోదు.”

“నేను మానేస్తానండీ,” అన్నాడు యలమంద వెంటనే. “ఇవాళ్టి నుంచే మాంసం ముట్టను.”

“ఆ పని మాత్రం చెయ్యకు!” పెద్దాయన వేలు చూపించాడు. “థీసిస్ నేను రెండుసార్లు చదివాను. మానిపించినవే మరీ ఎగబడతాయి. నువ్వు ఆర్నెల్లు ఒట్టు పట్టి, ఏడో నెల ఎవరింట్లోనో కోడి మీద పడితే మాకు పరువు తక్కువ. నీ తిండి నువ్వు తిను, దాని తిండి అది తింటుంది. పొయ్యిలు రెండు పెట్టుకోండి, ఇల్లు ఒకటి పెట్టుకోండి. నాకు మిగతాది అక్కర్లేదు.”

సుబ్బరావమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వో ఏడుపో ఆవిడకే తెలియాలి.

“ఇంక ఇక్కడ నిలబడతావేం? రోడ్డు మీద కార్లో ఉంది. వస్తానని పొద్దున్నే బయల్దేరదీసింది, ఇక్కడికొచ్చాక దిగనంటోంది. నువ్వే పో. ఏమ్మా, ఉల్లిపాయ తగలని కూర ఏమన్నా ఉందా మీ గిన్నెలో?”

యలమంద పరిగెత్తలేదు, కానీ నడిచాడనీ అనలేం. చినుకులు మొదలయ్యాయి. పత్తి చేల పక్కన తెల్ల కారు ఆగి ఉంది. వెనక సీట్లో మహతి ఒళ్ళో ఏదో పుస్తకం తెరిచి పెట్టుకుని కూర్చుంది. అతను కిటికీ పక్కన నిలబడ్డా తలెత్తలేదు. అద్దం మాత్రం నాలుగు వేళ్ళంత కిందికి దిగింది.

“నాన్న ఏమన్నారు?” అని పుస్తకాన్ని అడిగింది.

“పొయ్యిలు రెండు పెట్టుకోమన్నారండీ.”

పుస్తకం పట్టుకున్న వేళ్ళు బిగుసుకున్నాయి. అతను తడుస్తున్నాడు. ఆమె చిక్కింది. కళ్ళజోడు వెనక కళ్ళ కింద నీడలున్నాయి.

“నా మీద కోపం పోయిందా అండీ?”

“లేదు.” ఇప్పుడామె తలెత్తి సూటిగా చూసింది. “పీహెచ్‌డీ గురించిన కోపం ఎప్పుడో పోయింది. ఇది వేరే కోపం. నువ్వుగింజంత పురుగు ఒక్క రోజు పస్తుంటే మీకు నిద్ర పట్టలేదు. పది నెలలు మీ గొంతు వినకుండా నేనున్నాను. నాకు ఆకలేస్తుందేమోనని మీకు అనిపించలేదా?”

యలమంద కిటికీ అంచు గట్టిగా పట్టుకున్నాడు. వాన నీళ్ళు కళ్ళలోంచి కూడా కారుతున్నాయి. “రోజూ ఫోన్ చేద్దామనుకున్నానండీ. రోజూ భయమేసింది. ఇక నుంచి రెండు పూటలా చేస్తాను.”

“ఫోనెందుకు? రెండు పూటలా ఎదురుగానే ఉంటాగా,” అంటూ మహతి తలుపు తీసుకుని వానలోకి దిగింది.